బాలింత పొట్ట మీద నర్సు చెయ్యి ఎందుకు పెడుతుందంటే

సంపాదకులు గారికి నమస్కారం అండీ.

నేను ప్రసూతి వార్డులో నర్సుని, సర్వీసులో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. పేపర్‌కి ఉత్తరం రాయటం ఇదే మొదటిసారి, నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక మీ ఉత్తరాల కాలమ్ చదవటం మాత్రం అలవాటు. ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే మొన్న రాత్రి వార్డులో చిన్న గొడవైంది, నిజానికి గొడవ అనేంత పెద్దది కూడా కాదు, కానీ ఇలాంటిది మాకు ఎప్పుడూ ఉండేదే, ప్రతిసారీ ఆ ఒక్క ఇంటివాళ్ళకి చెప్పుకుని ఊరుకోవటమే గానీ పదిమందికీ చెప్పింది లేదు, అందుకని.

ఒకమ్మాయికి కాన్పయి గంట కూడా కాలేదు. తొలిచూలు, రాత్రంతా నొప్పులు పడి పడి తెల్లారుజామున కంది, అప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను వెళ్ళి దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కేసరికి "అమ్మా" అని అరిచింది. పక్కనే ఉన్న వాళ్ళమ్మ గబుక్కున లేచి నా మణికట్టు పట్టేసుకుంది. "ఇందాకటిదాకా నరకం చూసింది నా కూతురు, బిడ్డ వచ్చేసింది, మాయ కూడా పడిపోయింది అన్నారు, ఇంకా పొట్టలో ఏముందని పిసుకుతున్నారు? మీకు పిల్లల్లేరా సిస్టర్?" అంది. ఉన్నారు, ఇద్దరు. ఆ మాట అనలేదులెండి, అనే టైమ్ కాదది.

కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆవిడ వేసిన ప్రశ్న చాలా సరైనదనిపించింది. ఇంకా పొట్టలో ఏముందని?

గర్భసంచి ఉంది. బిడ్డ బయటికొచ్చినంత మాత్రాన అది మాయమైపోదు కదా, అప్పటికి అది కిలో దాకా బరువుంటుంది. దాని లోపలి గోడకి ఇందాకటిదాకా మాయ అంటుకుని ఉంది, అది ఊడొచ్చిన చోట అరచేతి వెడల్పున పచ్చి పుండు మిగులుతుంది, ఆ పుండులో నోళ్ళు తెరుచుకున్న రక్తనాళాలు ఉంటాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల దాకా రక్తం పారుతుంటుంది. అంటే ఆ నోళ్ళు మూసుకోకపోతే పది నిమిషాల్లో ఏమవుతుందో లెక్క ఎవరైనా వేసుకోవచ్చు, ఒంట్లో మొత్తం రక్తమే ఐదారు లీటర్లు. అక్కడ కుట్లు వెయ్యటానికి లేదు, కట్టు కట్టటానికి లేదు. మరి రక్తం ఎలా ఆగుతుందీ అంటే గర్భసంచి కండరమే ఆపుతుంది. ఆ కండరం పోగులు అడ్డదిడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి అల్లుకుని ఉంటాయి, రక్తనాళాలు ఆ అల్లికలోంచే వెళ్తుంటాయి, కండరం బిగుసుకుంటే నాళాలు వాటంతటవే నొక్కుకుపోతాయి. ఇన్ని పోగులు ఇన్ని ముడులు వేసినట్టన్నమాట. మాకు చదువుకునేటప్పుడు మేడమ్ పిడికిలి బిగించి చూపించేది, ఇది బిగిసినంతసేపే ఆ మనిషి మీ చేతిలో ఉన్నట్టు అనేది.

అయితే ఆ బిగువు ఒకసారి వచ్చాక అలాగే ఉండిపోతుందని గ్యారంటీ లేదు. వదిలేస్తుంది, మళ్ళీ బిగుస్తుంది, ఒక్కోసారి వదిలేసి బిగవటం మర్చిపోతుంది. కాన్పు తర్వాత ఎక్కువగా రక్తం పోయే పదిమందిలో ఏడుగురి దాకా కారణం ఇదే, గర్భసంచి సరిగ్గా ముడుచుకోకపోవటం. బయటికి అది కనపడదు, పైనుంచి చూస్తే పొట్ట పొట్టలాగే ఉంటుంది, మనిషి మనిషిలాగే పడుకుని బిడ్డని చూసుకుంటూ ఉంటుంది. తెలుసుకోవాలంటే చెయ్యి పెట్టాల్సిందే. ఇన్ని మిషన్లొచ్చినా దీనికి ఈ రోజుకీ చెయ్యే.

చెయ్యి పెడితే ఏం తెలుస్తుందంటే, మీరే ఒకసారి మీ నుదురు మీద వేలు పెట్టి నొక్కి చూడండి, గట్టిగా ఉంటుంది కదా, గర్భసంచి పైభాగం అలా తగలాలి. ఇప్పుడు బుగ్గ నొక్కండి. అలా తగిలితే నర్సు గుండెల్లో రాయి పడుతుంది. గట్టిగా ఉండటం ఒకటే కాదు, ఎంత ఎత్తులో ఉందీ, నడిమధ్యలో ఉందా పక్కకి జరిగిందా, ఈ మూడూ చూస్తాం. కాన్పు అవ్వగానే అది బొడ్డుకీ పొత్తికడుపు కింద తగిలే ఎముకకీ మధ్యలో ఉంటుంది, కొన్ని గంటల్లో బొడ్డు దాకా లేస్తుంది, ఒక్కోసారి ఒక వేలు పైకి కూడా వస్తుంది, ఆ తర్వాత రోజుకి సుమారు ఒక వేలి మందం చొప్పున దిగుతూ పోయి పది పన్నెండు రోజులకల్లా ఎముక వెనక్కి వెళ్ళిపోతుంది, ఇక పొట్ట మీద నుంచి చేతికి దొరకదు. కిలో ఉన్నది వారానికి అరకిలో అవుతుంది, ఆరు వారాలకి వంద గ్రాముల లోపుకొస్తుంది. మనిషి ఒంట్లో ఇంత పెద్ద భాగం ఇంత త్వరగా ఇంత చిన్నదైపోయేది ఇంకోటి నేనైతే చూడలేదు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను, ఇది చెప్పకుండా మిగతాదంతా చెప్తే నీతులు చెప్పినట్టుంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఏ హాస్పిటలో అనవసరం. ఒక రాత్రి ముగ్గురు వరసగా కన్నారు, నేనూ ఇంకో అమ్మాయీ ఇద్దరమే ఉన్నాం. మొదటి గంటలో ప్రతి పావుగంటకీ చూడాలి. మొదటిసారి చూశా, గట్టిగా ఉంది. రెండోసారి చూశా, గట్టిగానే ఉంది. మూడోసారి టైమ్ అయ్యేసరికి పక్క బెడ్ దగ్గర సెలైన్ ఆగిపోయి దాంతో కుస్తీ పడుతున్నా, ఈవిడ వైపు చూస్తే హాయిగా పడుకుంది, ప్యాడ్ అంచు కనపడింది, పెద్దగా తడి లేదు. కేస్ షీట్ తీసి టైమ్ వేసి "గట్టిగా, మధ్యలో, బొడ్డు దగ్గర" అని రాసేశా. చెయ్యి పెట్టలేదు. పై రెండు లైన్లు చూసి మూడో లైన్ రాశా, అంతే.

పది నిమిషాలకి హెడ్ సిస్టర్ రౌండుకొచ్చింది. ఆవిడకో అలవాటు, షీటు తర్వాత చూసేది, ముందు మనిషి దగ్గరికెళ్ళేది. పొట్ట మీద చెయ్యి పెట్టింది, రెండో చెయ్యి ఆవిడ నడుం కిందకి పోనిచ్చింది, బయటికి తీస్తే మోచేతి దాకా రక్తం. ప్యాడ్ మీద లేదు, ఆవిడ వెల్లకిలా పడుకుని ఉందిగా, అంతా వెనక్కి జారి నడుం కింద మడుగు కట్టింది. ఆ క్షణం ఆవిడ నన్ను తిట్టలేదు. "బెల్ కొట్టు, డాక్టర్‌ని పిలువు" అంటూనే ఒక చేత్తో కింద పట్టి ఉంచి ఇంకో చేత్తో పైన సున్నా చుట్టినట్టు రుద్దటం మొదలుపెట్టింది. రుద్దుతుంటే గడ్డలు గడ్డలుగా పడ్డాయి, ఒక్కోటి నా పిడికిలంత ఉంది. డాక్టర్ వచ్చింది, ఇంజెక్షన్లు, రెండో చేతికి ఇంకో సెలైన్, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. బతికింది. మర్నాడు బిడ్డకి పాలు పడుతూ నన్ను చూసి నవ్వింది, ఆవిడకి ఏమీ తెలీదు కదా.

హెడ్ సిస్టర్ తెల్లారాక నన్ను పిలిచి షీటులో ఆ మూడో లైన్ మీద వేలు పెట్టి, "ఇది ఎవరి చెయ్యి చూసింది?" అంది. అంతే అడిగింది. ఇప్పటికీ షీటు మీద "గట్టిగా" అని రాసేటప్పుడు ఆ ప్రశ్న వినపడుతుంది నాకు.

నా బాధ ఏంటంటే సార్, అలాంటి మూడో లైన్లు ఈ రోజుకీ పడుతున్నాయి. కొత్తవాళ్ళని తప్పు పట్టను. ఒక లెక్క చూడండి. వార్డులో అప్పుడే కన్నవాళ్ళు నలుగురు ఉన్నారనుకోండి, ఒక్కొక్కరికి గంటలో నాలుగుసార్లు అంటే పదహారుసార్లు, సరిగ్గా చూడాలంటే, పొట్ట మీద చెయ్యి, ప్యాడ్, నడుం కింద, పల్స్, బీపీ, తక్కువలో తక్కువ మూడు నిమిషాలు, మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు. మిగిలిన పన్నెండు నిమిషాల్లో మందులు ఇవ్వాలి, బిడ్డలకి రొమ్ము పట్టించాలి, ఫోన్ ఎత్తాలి, రిజిస్టర్ రాయాలి, పిలిచినవాళ్ళకి పలకాలి. ఒక్క నర్సు ఉంటే ఇందులో ఏది వదిలేస్తుంది? చూడటాన్ని వదిలేస్తుంది, రాయటాన్ని కాదు, ఎందుకంటే పొద్దున ఆఫీసర్లు వచ్చి తిప్పి చూసేది కాగితాన్నే. గడి ఖాళీగా ఉంటే మెమో వస్తుంది, చెయ్యి పెట్టకపోతే ఎవరికీ తెలీదు. ఏదైనా జరిగితే తప్ప. జరిగినప్పుడు మీ పేపర్‌లో "అధిక రక్తస్రావంతో బాలింత మృతి" అని వస్తుంది, డాక్టర్ ఆలస్యంగా వచ్చారా, రక్తం దొరికిందా అని రాస్తారు, రాయాల్సిందే. కానీ అంతకు ముందు గంటలో ఎన్నిసార్లు చూశారు, ఆ టైమ్‌లో వార్డుకి ఎంతమంది నర్సులున్నారు అని మీ రిపోర్టర్లు అడగటం నేను చూడలేదు. అడగమని నా మనవి.

దీన్ని నా చాదస్తం అనుకోకండి. కాన్పయిన ప్రతి మనిషికీ గర్భసంచి బిగువు చెయ్యి పెట్టి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది, మొదటి 24 గంటలూ బ్లీడింగ్, బిగువు, ఎత్తు, జ్వరం, గుండె వేగం చూస్తూ ఉండాలని ఆ తర్వాత కూడా చెప్పింది. 2023లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది, ఈ-మోటివ్ అంటారు, కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 హాస్పిటళ్ళు, రెండు లక్షలకు పైగా కాన్పులు. అందులో నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. ఎప్పటిలాగే కంటితో అంచనా వేసి చూసుకుంటున్న హాస్పిటళ్ళలో, ఎక్కువ రక్తం పోతున్నవాళ్ళలో సుమారు సగం మందిని అసలు గుర్తుపట్టనే లేదు. గీతలున్న సంచి నడుం కింద పెట్టి పోయిన రక్తాన్ని కొలుస్తూ, పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తూ, తేడా కనపడగానే రుద్దటం, ఇంజెక్షన్, ట్రానెక్సామిక్ యాసిడ్ (కట్టిన రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే మందు), సెలైన్, ఎక్కణ్ణుంచి వస్తోందో పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టిన చోట మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దొరికారు, ప్రాణం మీదికొచ్చే కేసులు 60 శాతం తగ్గాయి. వాళ్ళు వాడినవి కొత్త మందులేం కాదండీ, మా మందుల ట్రేలో ఉండేవే.

కంటి అంచనా ఎంత మోసం చేస్తుందో మేం రోజూ చూస్తాం. దుప్పటి పీల్చేసుకుంటుంది, గుడ్డలు పీల్చేసుకుంటాయి, కొంత గర్భసంచి లోపలే గడ్డకట్టి కూర్చుంటుంది. అనుమానం వస్తే ప్యాడ్లు కాటా మీద పెట్టి తూకం వేస్తాం, ఒక గ్రాము అంటే ఒక మిల్లీలీటర్ లెక్క, పొడి ప్యాడ్ బరువు తీసేసి. ఎప్పుడు తూచినా కంటికి అనిపించినదానికన్నా ఎక్కువే వచ్చింది నాకు. బీపీ చూస్తున్నాం కదా అంటారు కొందరు, వయసులో ఉన్న మనిషి చాలా రక్తం పోయేదాకా బీపీ నిలబెట్టుకుంటుంది, ముందు పెరిగేది పల్స్. బీపీ పడిపోయిందాకా కాచుక్కూర్చుంటే అప్పటికే ఆలస్యం.

ఇంజెక్షన్ ఇచ్చాం కదా అనేవాళ్ళు ఇంకొందరు. బిడ్డ పుట్టగానే గర్భసంచి బిగుసుకోవటానికి ఆక్సిటోసిన్ అనే మందు 10 యూనిట్లు ఇస్తారు, ఇవ్వాలి, చాలా ప్రాణాలు కాపాడే మందు అది. కానీ దాని పని కాసేపే. పైగా దాన్ని చల్లగా దాచాలి, ఎండలో పడేసిన మందుకి పవర్ ఉండదు. ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళిపోవటం అంటే తలుపు గడియ పెట్టి అది పట్టిందో లేదో లాగి చూడకుండా పడుకోవటమే.

ఇక మూత్రం సంగతి. నన్నడిగితే బాలింతల వార్డులో సగం కంగారు దీని దగ్గరే తేలిపోతుంది. మూత్రసంచి నిండితే గర్భసంచిని పైకీ పక్కకీ నెట్టేస్తుంది, ఎక్కువగా కుడి పక్కకి, ఎడమ పక్కన పేగు ఉంటుంది కాబట్టి. అలా నెట్టేస్తే అది బిగుసుకోలేదు. ఒకావిడకి మూడో కాన్పు, చెయ్యి పెడితే బొడ్డుకి మూడు వేళ్ళ పైన, కుడి పక్కకి వాలి, మెత్తమెత్తగా తగిలింది, ప్యాడ్ తడుస్తోంది. "ఒంటికెళ్ళావా తల్లీ?" అంటే "రావట్లేదు సిస్టర్, అనిపించట్లేదు కూడా" అంది. అనిపించదు, కాన్పులో అక్కడంతా ఒరుసుకుపోయి వాచి ఉంటుంది, నడుంకి మత్తు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకైతే అసలే తెలీదు. నిలబెట్టి నడిపించే పరిస్థితి కాదు, బెడ్‌ప్యాన్ పెట్టి, కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడు వినిపించి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఏం చేసినా రాలేదు. సన్నటి గొట్టం వేశాం. 700 మిల్లీలీటర్లు! పోతుండగా చెయ్యి తియ్యకుండా పొట్ట మీదే ఉంచాను, గర్భసంచి నా అరచేతి కిందే నెమ్మదిగా జారి మధ్యలోకి వచ్చి బంతిలా బిగుసుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు బాగా నచ్చిన పది నిమిషాలేవంటే అవి చెప్తాను. అందుకే కాన్పయిన ఆరు గంటల్లోపు మూత్రానికి వెళ్ళిందా లేదా చూసి రాయాలంటారు, పొట్ట మీద చెయ్యి పెట్టే ముందు కూడా మేం అడిగే మొదటి మాట అదే.

గట్టిగా ఉంటే అంతా బాగున్నట్టేనా అంటే అదీ కాదు. గర్భసంచి రాయిలా ఉండి కూడా ఎర్రగా సన్నటి ధారలా ఆగకుండా కారుతుంటే లోపల ఎక్కడో చీరుకుందని అర్థం, దాన్ని ఎంత రుద్దినా లాభం లేదు, చూసి కుట్టాల్సిందే. మెత్తగా ఉండి రుద్దితే గట్టిపడి మళ్ళీ మెత్తబడుతూ ఉంటే మాయ ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమో చూడాలి. కవలల్ని కన్నవాళ్ళు, బాగా పెద్ద బిడ్డని కన్నవాళ్ళు, ఉమ్మనీరు ఎక్కువున్నవాళ్ళు, నొప్పులు మరీ ఎక్కువసేపు పడినవాళ్ళు, చాలా కాన్పులైనవాళ్ళు, వీళ్ళ దగ్గర నుంచి మేం కళ్ళు తిప్పుకోం. అలాగని ఏ ఇబ్బందీ లేని తొలిచూలు వాళ్ళకి రాదని కాదు, అందరికీ చూడమనేది అందుకే.

మా వాళ్ళకి కూడా ఒక మాట. ఆ తల్లి నా చెయ్యి పట్టుకోవటానికి మన పద్ధతి కూడా కొంత కారణం. చెప్పకుండా దుప్పటి లాగి, నాలుగు వేళ్ళు నిట్టనిలువుగా దింపి పొడిచినట్టు నొక్కితే ఎవరికైనా ప్రాణం పోతుంది. ముందు చెప్పాలి, మోకాళ్ళు కొంచెం మడిపించాలి, పొట్ట వదులవుతుంది. ఒక చెయ్యి కింద ఎముక పైన ఆనించి పట్టుకోవాలి, ఇది మాత్రం మర్చిపోకూడదు, కింద ఆధారం లేకుండా మెత్తగా ఉన్న గర్భసంచిని పైనుంచి బలంగా తోస్తే సంచి తిరగబడి లోపలిది బయటికొచ్చే ప్రమాదం ఉంది, చాలా అరుదే గానీ జరిగితే భరించలేం. రెండో చేతి అంచుతో బొడ్డు దగ్గర నుంచి మెల్లగా దొరకబుచ్చుకోవాలి. గట్టిగా ఉంటే అక్కడితో చెయ్యి తీసెయ్యాలి, బిగుసుకున్నదాన్ని పనిగట్టుకుని రుద్దుతూ కూర్చుంటే కండరం అలిసిపోతుంది, నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. ఆపరేషన్ అయినవాళ్ళకి చూడక్కర్లేదు అనుకునేవాళ్ళని చూశాను, కుట్లు నొప్పని వదిలేస్తారు. వాళ్ళకీ గర్భసంచి గర్భసంచే కదా, నొప్పి మందు ఇచ్చాక కుట్టు మీద కాకుండా పక్కల నుంచి మధ్యకి వేళ్ళు నడిపించి చూస్తే తెలుస్తుంది.

చదివే ఆడవాళ్ళకీ, వాళ్ళ అమ్మలకీ, అత్తలకీ, మొగుళ్ళకీ కూడా చెప్పేది. నర్సు వచ్చి చెయ్యి పెడితే అడ్డుకోకండి, రాకపోతే పిలవండి. పిలిచి "సిస్టర్, గట్టిగా ఉందా? ఎక్కడిదాకా ఉంది?" అని అడగండి, అలా అడిగే మనిషి బెడ్ దగ్గర ఎవరూ మూడో లైన్ ఊరికే రాయలేరు. వీలైతే మీరూ చెయ్యి పెట్టి నేర్చుకోండి. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, రెండో కాన్పు మూడో కాన్పు వాళ్ళకి ఇంకా ఎక్కువ, భయపడకండి, పాలు తాగుతుంటే మన ఒంట్లోనే ఆక్సిటోసిన్ ఊరుతుంది, ఆ నొప్పి గర్భసంచి ముడుచుకుంటున్న నొప్పి. ఓర్చుకోలేకపోతే మందు అడగండి, ఇస్తారు.

ఇంటికెళ్ళాక కూడా కొంత చూసుకోవాల్సింది ఉంది. బ్లీడింగ్ మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత పది రోజుల దాకా గులాబీ గోధుమ కలిసినట్టు, ఆ తర్వాత పసుపు తెలుపులోకి మారి నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది. రంగు మారాక మళ్ళీ వెనక్కి ఎర్రగా మారి ఎక్కువైతే, గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే, పెద్ద గడ్డలు పడితే, కళ్ళు తిరిగితే, కుళ్ళు వాసన వస్తే, జ్వరం వచ్చి పొత్తికడుపు ముట్టుకుంటే నొప్పిగా ఉంటే రేపు చూద్దాంలే అనొద్దు. పావుగంటలోనే ప్యాడ్ నిండిందంటే పడుకోబెట్టి బండి పిలవటమే, ఇంకేం ఆలోచించకూడదు. మొదటి రోజు దాటితే గండం గడిచిందనుకుంటారు, వారం రెండు వారాలకి కూడా లోపల మిగిలిన ముక్క వల్లో ఇన్ఫెక్షన్ వల్లో గర్భసంచి దిగటం ఆగిపోయి రక్తం పోయినవాళ్ళని చూశాను.

మొన్నటి ఆవిడ సంగతి సగంలో వదిలేశాను కదా. మణికట్టు వదిలించుకోలేదు నేను, ఆవిడ చెయ్యే తీసుకుని కూతురి పొట్ట మీద పెట్టించాను, "ఇదిగో అమ్మా, గట్టిగా తగులుతోందా, ఇది మెత్తబడితే నీ కూతురి రక్తం పోతున్నట్టు, అందుకే చూస్తున్నా" అన్నాను. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఆ తర్వాత నాకంటే ముందే ఆవిడ టైమ్ చూసి "సిస్టర్, పావుగంటయ్యింది" అని గుర్తుచెయ్యటం మొదలుపెట్టింది, రెండుసార్లు నేను పక్క బెడ్ దగ్గరుంటే కేకేసి మరీ పిలిచింది. కొంచెం విసుగొచ్చిన మాట నిజమే, అయినా అలాంటి అటెండెంట్ బెడ్‌కి ఒకరుంటే నాకు ఇంకో నర్సు దొరికినట్టే.

ఉత్తరం బాగా పెద్దదైపోయింది, మీ కాలమ్‌లో ఇంత చోటు ఉండదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా గొడవంతా తీసెయ్యండి ఫర్వాలేదు, నడుం కింద చెయ్యి పెట్టి చూడమన్నదీ, ప్యాడ్ ఎంతసేపట్లో తడుస్తోందో చూసుకోమన్నదీ మాత్రం తియ్యకండి.

ఇట్లు,
ప్రసూతి వార్డులో పనిచేసే ఒక నర్సు
(పేరు వెయ్యొద్దని మనవి)